రాజుగారి తోటలో నాగావళి మట్టి

సముద్రానికి అవతల ఒకానొక రాజ్యం ఉండేది. పేరు మణిదీవి. అక్కడ ముత్యాలు చేటల్లో పోసి చెరిగేవారు గాని, పిడికెడు మట్టి కావాలంటే మాత్రం ఓడ రావలసిందే. దీవి అంతా ఉప్పుబండ. ఎక్కడైనా గడ్డిపోచ మొలిస్తే ఊరంతా వెళ్ళి చూసొచ్చేవారు.

ముత్యాలున్న చోటికి మనుషులు వెళ్ళకుండా ఉంటారా? మనవాళ్ళూ వెళ్ళారు. రాళ్ళు కొట్టేవాళ్ళు, వంటలు చేసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, పడవలు కట్టేవాళ్ళు. రేవులో దిగగానే మెడలో ఒక రాగిబిళ్ళ కట్టేవారు. ఎవరి కింద పనివాడో దాని మీద చెక్కి ఉండేది. బిళ్ళ ఉంటే మనిషి, లేకపోతే దొంగ. పని అయిపోతే బిళ్ళ లాక్కుని ఓడెక్కించేసేవారు. పని ఉండగా మాత్రం తలకిందులుగా తపస్సు చేసినా ఎక్కనిచ్చేవారు కారు. దానికి రాజుగారి ముద్ర కావాలి. ముద్ర వేయడానికి రాజుగారికి తీరిక ఉండాలి. రాజులకి తీరిక ఎప్పుడుంటుందో మీకు తెలియనిదా?

ఆ రాజు పేరు మకరకేతు. తన అనుమతి లేనిదే దీవి చుట్టూ చేప కూడా ఈదదని ఆయన నమ్మకం. ప్రతి పున్నమికీ పగటిపూట కొలువు పెట్టి, పరదేశులను వరుసగా నిలబెట్టి, తన రాజ్యం ఎంత గొప్పదో వాళ్ళ నోటితోనే చెప్పించుకునేవాడు. చిక్కేమిటంటే వాళ్ళ భాష ఆయనకు రాదు. అందుకని దుబాసీగా ముఖలింగాన్ని పెట్టుకున్నాడు. అక్కడి మాట ఇక్కడికీ ఇక్కడి మాట అక్కడికీ మార్చి చెప్పడమే అతని ఉద్యోగం.

ముఖలింగం శ్రీకాకుళం వైపువాడు. అయిదేళ్ళు చేసి వెళ్ళిపోదామని వచ్చాడు. ఇరవై రెండేళ్ళయింది. మొదటి అయిదేళ్ళ సంపాదనతో ఊళ్ళో పెంకుటిల్లు లేచింది. ఆ ఇంటిని అతను ఈనాటికీ చూడలేదు. తర్వాతి అయిదేళ్ళకి పొలం వచ్చింది, పొలంతోపాటు దాయాదుల తగువూ వచ్చింది. ఆపైన ఎందుకు సంపాదిస్తున్నాడో అతనికే తెలియకుండా పోయింది. డబ్బు పంపితే ‘అందింది’ అని కబురొచ్చేది. పంపకపోతే ‘ఒంట్లో బాగుందా’ అని కబురొచ్చేది. రెండో కబురు వినడం కోసమే ఒకటి రెండు సార్లు పంపడం మానేసి చూశాడు పాపం.

సాయంత్రాలు మనవాళ్ళంతా బంగారమ్మ పూటకూళ్ళింటి అరుగు మీద చేరి రాజకీయాలు మాట్లాడుకునేవారు. ఏ రాజు గురించి? సముద్రానికి ఇవతల ఉన్న మన రాజు గురించి. అంత దూరాన ఉన్నవాణ్ణి ఎంత తిట్టినా పోయేదేముంది? ఎవడైనా పొరపాటున మకరకేతు ఊసెత్తితే మాత్రం ఒకడికి దగ్గొచ్చేది, ఇంకొకడికి పని గుర్తొచ్చేది. “మన ఊళ్ళో నోరుండేది, కూడు లేదు. ఇక్కడ కూడుంది, నోరు తాకట్టు పెట్టేశాం” అనేవాడు ముఖలింగం. అని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకునేవాడు. మరి అతనూ మనిషే కదా.

కొలువులో అతను చేసే పని అంతకన్నా రోత. ఒక కూలీ ముందుకొచ్చి, “ఒక్క గదిలో పన్నెండుమందిమి బాబూ, వంతులేసుకుని పడుకుంటన్నాం” అనేవాడు. ముఖలింగం రాజువైపు తిరిగి, “ప్రభువుల చలవ వల్ల మేమంతా ఒకే కుటుంబంలా కలిసిమెలిసి ఉంటున్నాం అంటున్నాడు” అనేవాడు. ఉన్నదున్నట్టు చెబితే కూలీ వీపు చీరేస్తారు. మార్చి చెబితే ఆ పూట తనకి అన్నం సయించదు. సయించకపోతే పోనీలే అని సరిపెట్టుకునేవాడు. ఇరవై రెండేళ్ళు అలా సరిపెట్టుకున్నాడు.

ఇక రాజుగారి తోట సంగతి. పట్టాభిషేకమైన కొత్తలో మకరకేతుకి మామిడితోట కావాలనిపించింది. లేనిదాని మీదే కదా రాజులకి మనసు పోయేది. బండ మీద మామిడి ఎలా మొలుస్తుంది? నాగావళి ఒడ్డు నుంచి పది ఓడల్లో ఒండ్రుమట్టి తెప్పించారు. ఆ మట్టి తవ్వినవాడు పైడయ్య. దానితోపాటే ఓడెక్కి వచ్చి, బండ మీద ఛాతీలోతు పరిచి, మొక్కలు నాటాడు. మట్టి దించేసి అదే ఓడలో తిరిగి పోతానని ఇంట్లో చెప్పి వచ్చాడట. తోట ఉన్నంతకాలం తోటమాలి ఉండాలి కదా అని రాగిబిళ్ళ కట్టేశారు. ముప్ఫై ఏళ్ళు ఆ బిళ్ళతోనే తిరిగాడు. ఆ తోట పళ్ళు చుట్టుపక్కల దీవుల రాజులందరూ తిన్నారు. పైడయ్య తిన్నాడో లేదో ఎవరూ అడగలేదు.

ఒక పున్నమి నాడు ముఖలింగం కొలువుకు తలపాగా చుట్టుకుంటుండగా బంగారమ్మ వచ్చింది.

“బాబూ, పైడయ్య పోనాడు” అంది.

“ఎప్పుడు?”

“పొద్దున్న సెట్లకి నీల్లు కడతా కడతా కూలబడిపోనాడు. రేవోల్లు అప్పుడే పడవట్టుకొచ్చీసినారు. పొద్దుగూకేలోగా సంద్రంలో పడేత్తారంట.”

ముఖలింగం నిట్టూర్చాడు. “వాళ్ళ చట్టం అంతే కదమ్మా. పరదేశి శవానికి ఈ నేలలో చోటు లేదు. మన ఊరెళ్ళే ఓడ ఇంకో రెండు నెలలకి గాని లేదు. ఏం చేస్తాం?”

“సట్టం నాకెందుకు బాబూ? ఆడు మట్టి పనోడు. ఆడి తాతా, అయ్యా అందరూ మట్టిలోకే ఎల్లినారు. సేపలకేసీత్తే ఆడికి గతులేటున్నాయి? ఇన్నాల్లూ ఆల మాటలు మాకు సెప్పినావు. ఓపాలి మా మాట ఆలకి సరిగ్గా సెప్పు.”

ఆ ‘సరిగ్గా’ అన్న మాట ముఖలింగానికి చెంపదెబ్బలా తగిలింది. బంగారమ్మకి అంతా తెలుసన్నమాట. ఇన్నాళ్ళూ తెలిసే అన్నం పెట్టిందన్నమాట. అతను తలపాగా చుట్టుకుని కొలువుకు వెళ్ళాడు.

కొలువు నిండుగా ఉంది. పరదేశుల పొగడ్తలు యథాప్రకారం సాగాయి. చివర్లో ముఖలింగం తానే ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

“ప్రభూ, తమ తోటమాలి పైడయ్య కాలం చేశాడు. వాణ్ణి పూడ్చడానికి ఆరడుగుల నేల ఇప్పించమని మనవి.”

రాజు మొహం చిట్లించాడు. “ఇది పొగడ్తల కొలువా, శవాల కొలువా?”

మంత్రి అందుకున్నాడు. “పరదేశికి పని ఉన్నంతకాలమే చోటు. శవానికి పనేముంది?”

సభ ఘొల్లున నవ్వింది. ముఖలింగం కూడా అలవాటు చొప్పున నవ్వబోయి ఆగిపోయాడు.

రాజు గడ్డం నిమురుకుంటూ గంభీరంగా అన్నాడు. “ముఖలింగం, ఇది మా తాతముత్తాతల ఎముకలతో గట్టిపడిన నేల. ఎవడి మట్టిలో వాడు కలవాలి. మీవాడు మీ మట్టిలో, మావాడు మా మట్టిలో. ఇదీ ధర్మం.”

“చిత్తం ప్రభూ. నాదొక చిన్న సందేహం. ముప్ఫై ఏళ్ళు ఇక్కడే ఉండి, ఈ నీళ్ళే తాగి, ఈ ఎండకే ఎండితే?”

“మూడు వందల ఏళ్ళున్నా బయటిది బయటిదే.”

“మనిషైనా, మరేదైనా?”

“మనిషైనా, గొడ్డైనా, బస్తాలో గుగ్గిలమైనా. మా రేవులో దిగిన ఏదీ మాది కాబోదు. దేని గుణం దానిదే.” రాజుకి తన మాటలు తనకే ముద్దొచ్చాయి.

“ఇంతటి మాట గాలికి పోకూడదు ప్రభూ” అన్నాడు ముఖలింగం. “రాయించి ముద్ర వేయిస్తే, పరదేశులందరికీ నేనే చదివి వినిపిస్తాను.”

పొగడ్తకి పడని రాజు ఇంకా పుట్టలేదు. లేఖకుడు రాశాడు, రాజు ముద్ర వేశాడు. ముఖలింగం ఆ శాసనాన్ని రెండు భాషల్లోనూ బిగ్గరగా చదివాడు. ఎవడి మట్టిలో వాడు కలవాలి. రేవులో దిగినది ఎన్నేళ్ళున్నా పరదేశిదే. చదవడం అయ్యాక పత్రాన్ని కళ్ళకద్దుకున్నాడు.

“ప్రభువుల ఆజ్ఞ ప్రకారమే చేస్తాం. పైడయ్యని వాడి మట్టిలోనే కలుపుతాం. గునపాలు మావాళ్ళ దగ్గరున్నాయి. తమ తోట తలుపు తీయించండి చాలు.”

“తోట తలుపా? అదెందుకు?” అన్నాడు రాజు.

“మా మట్టి ఉన్నది అక్కడే కదా ప్రభూ. నాగావళి ఒడ్డు మట్టి, పది ఓడల్లో తమ రేవులోనే దిగింది. తవ్వినవాడు కూడా ఆ పైడయ్యే.”

మంత్రి లేచి నిలబడ్డాడు. “అది మా మట్టి. డబ్బిచ్చి కొన్నాం.”

“పైడయ్యకీ డబ్బిచ్చారు. అయినా వాడు పరదేశేనన్నారు కదండీ.”

“ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న మట్టి. ఎప్పుడో మాదైపోయింది.”

“ముప్ఫై ఏళ్ళకి మట్టి మీదైపోతే, దాన్ని మోసుకొచ్చినవాడూ మీవాడైపోయాడు. అప్పుడు మీ తాతముత్తాతల పక్కన పూడ్చాలి. కాదూ, వాడు పరదేశే అంటే ఆ మట్టీ పరదేశిదే. అప్పుడు తోటలో పూడ్చాలి. రెండింట్లో ఏదైనా మాకు సమ్మతమే. ముద్ర మాత్రం ప్రభువులది.”

రాజు మొహం ఎర్రబడింది. “ఆ మట్టంతా ఎత్తించి సముద్రంలో పోయిస్తాను. అప్పుడేం చేస్తావు?”

ముఖలింగం ఇంకాస్త వంగి దండం పెట్టాడు. “పోయించండి ప్రభూ. ఎత్తడానికి మళ్ళీ మావాళ్ళే రావాలి, వస్తారు. వచ్చే నెల మామిడిపళ్ళు తినడానికి పొరుగుదీవి రాజుగారు వస్తున్నారని విన్నాను. ఆయనకి ఆ బండ చూపించి, ఇదే మా అసలైన స్వదేశీ తోట అని చెప్పండి. నేను చక్కగా తర్జుమా చేసి పెడతాను.”

పొరుగురాజు పేరు వినేసరికి మకరకేతు పళ్ళు నూరాడు. ముద్ర వైపు చూశాడు, మంత్రి వైపు చూశాడు. మంత్రి పైకప్పు వైపు చూశాడు. కోపపడితే ఓడినట్టవుతుంది, నవ్వితే గెలిచినట్టుంటుంది. ఆ మాత్రం లెక్క రాజులకి పుట్టుకతోనే వస్తుంది. మకరకేతు పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాక సభంతా నవ్వింది.

“తీయండి తోట తలుపు” అన్నాడు. “అయితే ఒక మాట. దిబ్బ కనబడకూడదు, రాయి పాతకూడదు, ఏడుపు వినబడకూడదు. అతిథులు తిరిగే చోటు.”

పొద్దు వాలకముందే పైడయ్యని మామిడిచెట్టు పక్కన పూడ్చారు. గొయ్యి తవ్వుతుంటే మట్టి నల్లగా, తడిగా లేచింది. బంగారమ్మ పిడికెడు తీసి వాసన చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చప్పుడు కాకూడదన్నారు కదా. పూడ్చాక కాళ్ళతో తొక్కి నేలను చదును చేశారు. అక్కడ ఒక మనిషి ఉన్నాడని చెబితే తప్ప తెలియదు.

ముఖలింగానికి మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత కొలువు రోజున ఆకలి వేసింది. మంచి సమయం చూసి ఇక తన సెలవు మాట కూడా రాజు చెవిన వేయాలనుకున్నాడు. రెండు నెలల్లో వచ్చే ఓడకి పేరు రాయించుకుందామనుకున్నాడు.

అంతలో పల్లకీ దిగి రాజే స్వయంగా తోటలోకి వచ్చాడు. వెనక మంత్రి, బంగారు పళ్ళెంతో లేఖకుడు. కథల్లో రాజులు నవ్వాక బహుమానం ఇస్తారు కదా, ఈ రాజూ ఇచ్చాడు.

“ముఖలింగం, నీ తెలివికి మెచ్చాం. ఇలాంటివాణ్ణి మా కొలువు వదులుకోదు. మా రాజ్యంలో ఏ పరదేశికీ దక్కని గౌరవం నీకు దక్కుతోంది.” అని మామిడిచెట్టుకి రెండోవైపు నేల చూపించాడు. “ఆ ఆరడుగులూ నీవి. పత్రం రాయించి ముద్ర వేశాం. ఇక నువ్వు చచ్చినా ఎక్కడికీ పోనక్కర్లేదు. ఓడల జాబితాలోంచి నీ పేరు శాశ్వతంగా కొట్టేయమని రేవుకి కబురు పంపాం.”

మంత్రి చప్పట్లు కొట్టాడు. రాజు వెంట వచ్చిన రేవు అధికారి ముఖలింగాన్ని కౌగిలించుకున్నాడు. రాజు ఇచ్చింది కాదనే ఆచారం ఆ దీవిలో లేదు. ముఖలింగం వంగి, పళ్ళెంలోంచి పత్రం అందుకుని, “మహాప్రసాదం” అన్నాడు. ఆ మాట ఆ భాషలో అతను ఇరవై రెండేళ్ళుగా అంటున్నదే, తడుముకోకుండా వచ్చేసింది.

రాజు నవ్వుకుంటూ పల్లకీ ఎక్కాడు. మనవాళ్ళు ముఖలింగం చుట్టూ మూగారు. రాజు మాటలు వాళ్ళకి అర్థం కాలేదు, నవ్వడం మాత్రం చూశారు.

“ఏటన్నాడు బాబూ రాజు?” అని అడిగింది బంగారమ్మ.

సరిగ్గా చెప్పమంది కదా, ఆ పూట ముఖలింగం ఏమీ మార్చలేదు.

“సెలవు లేదన్నాడమ్మా. పైడయ్య పక్కన నాకూ చోటిచ్చాడు” అన్నాడు.