దారం కట్టిన టమాటా

అనగనగా ఒక రాజ్యం. రాజుగారి సంగతి మనకెందుకుగాని, ఆయన కోట గోడ వెనుక గంగులు అనే పిల్ల, వాళ్ల అవ్వ గురవమ్మ ఉండేవారు.

ఆ అవ్వ పండించే టమాటాలంటే ఊరంతా లొట్టలేసేది. ఏటా తొలి కాపులో మేలైన కాయకు దారం కట్టి, విత్తనానికి ఉంచేది. ఒక ఏడు అవ్వకు ఓపిక తగ్గింది. మడిని గంగులు చేతికిచ్చింది.

"దారం కట్టిన కాయ జాగ్రత్త తల్లీ. అది పోతే మన ఇత్తనమే పోతుంది" అంది.

ఎండలు మండిపోయాయి. ఆరు మొక్కల్లో ఐదు మాడిపోయాయి. మిగిలినదానికి ఒకే ఒక్క కాయ నిలిచింది. గంగులు దానికి దారం కట్టి, చెంబుతో నీళ్లు పోస్తూ, పగలంతా పక్కనే కూర్చునేది. కాయ ఎర్రబడుతుంటే పిల్ల ముఖం కళకళలాడేది.

ఒకనాడు ఉడుత వచ్చింది. దాని బుగ్గల నిండా వేరుశనగ గింజలే.

"ఒక్కసారి కొరకనీ, గంగులూ! రుచి చూసి పోతాను."

"ముందు నోట్లోది మింగు, పో!" అని గంగులు తరిమింది.

మర్నాడు బట్టల వర్తకుడు వచ్చాడు. "ఆ పండు ఇవ్వు పాపా, పట్టుపావడా ఇస్తాను" అన్నాడు. గంగులు పావడా వంక చూసింది. చాలాసేపే చూసింది, అబద్ధమెందుకు? చివరికి తల అడ్డంగా ఊపింది.

అంతలో అవ్వకు జ్వరం తగిలింది. మూడు రోజులు గంజి కూడా ముట్టలేదు.

"నోరంతా చేదు తల్లీ. పుల్లగా ఏదైనా ఉంటే రెండు ముద్దలు తిందును" అని గొణిగి కళ్లు మూసుకుంది.

గంగులు మడికి పరుగెత్తింది. దారం విప్పి పండు కోసింది. తెచ్చి అవ్వ చేతిలో పెట్టి బావురుమంది.

"ఇత్తనం కాయ కోసినావా!" అవ్వ లేచి కూర్చుంది.

"ఇత్తనం పోతే పోనీ అవ్వా. నువ్వు పోతే ఏ మడిలో వెతుక్కునేది నేను?"

అవ్వ మనవరాలిని దగ్గరకు లాక్కుంది. పిల్ల కన్నీళ్లు కొంగుతో తుడిచి నవ్వింది.

"పిచ్చిదానా! గింజలు తీసినాక కండ తినేదే కదే! పిడికెడు బూడిద తేపో."

ఇద్దరూ పండు చీల్చి, గింజలను బూడిదలో కలిపి పిడక మీద ఆరబెట్టారు. మిగిలిన కండతో గంగులు చారు కాచింది. అవ్వ రెండు ముద్దలతో ఆగలేదు, గిన్నె ఖాళీ చేసింది.

మరుసటి ఏడు మడి నిండా మొక్కలే, మొక్కల నిండా కాయలే. ఉడుతకు కూడా ఒక పండు దక్కింది.

ఆశపడి ఇచ్చేస్తే పోయేదే, ప్రేమతో పెడితే మళ్లీ మొలకెత్తుతుంది.