తాళం ఆగిన తరువాత

బస్సు దిగిన సుంకమ్మ నడవలేదు, పరుగెత్తింది. చేతిలో మందుల సంచి ఊగుతోంది. ముఖం నిండా నవ్వు.

ఊరి బయట వేరుశెనగ కల్లంలో హనుమక్క ఒక్కతే కూర్చుని ఇత్తడి తాళాలను చింతపండుతో తోముకుంటోంది. చుట్టుపక్కల ఊళ్లలో కోలాటం నేర్చుకున్న ఆడవాళ్లందరికీ ఆమే గురువమ్మ.

"గురువమ్మా! ఈసారి కూడా కనపడలేదంట! ఎంత ఎతికినా నా రక్తంలో వైరస్ కనపడలేదంట!"

"మంచి మాట చెప్పినావు. కూసోమ్మే, దమ్ము తీసుకో."

లారీ నడిపే మొగుడి నుంచి సుంకమ్మకు హెచ్ఐవీ వచ్చింది. అతను పోయాడు, ఆమె మిగిలింది. అప్పట్లో ఆమె కోలకు తమ కోల తగిలించడానికి కూడా ఆడవాళ్లు జంకారు. హనుమక్క ఎవరికీ నచ్చజెప్పలేదు. తాళాలు పక్కన పెట్టి, కోలలు పట్టుకుని, సుంకమ్మకు ఎదురుగా జంటగా నిలబడింది. ఆ పొద్దంతా ఆడింది. మరుసటి రోజు ఆ ఆడవాళ్లలోంచి రామాంజినమ్మ వచ్చి, "నేనాడతా గురువమ్మా, మీరు పాడండి" అంది. అప్పటి నుంచి వాళ్లిద్దరూ జంట. ఇప్పుడు ఈ కోలాటం దళానికి ముందు నడిచేది సుంకమ్మే.

జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. ఎవరూ చేయలేనంత జోరుగా ఉరుకుల కోపు ఆడి తీరాలని సుంకమ్మ పట్టుబట్టింది. కోపు అంటే కోలాటంలో ఒక ఆట వరస. ఈ కోపులో గుండ్రంగా తిరుగుతూ, ఎగురుతూ, కోలలు మార్చుకుంటూ పోవాలి. పోను పోను వేగం పెరుగుతుంది.

"డాక్టరమ్మ ఇంకేమనింది?" హనుమక్క అడిగింది.

సుంకమ్మ మూతి ముడిచింది. "ఇంకో మాత్ర రాసింది. కొలెస్ట్రాల్‌కంట. గుండె పరీక్ష చేయించుకోమంది. వైరస్ అణిగినా దాంతో పోట్లాడి పోట్లాడి నా ఒళ్లు ఇంకా లోలోపల కాగుతానే ఉంటుందంట. ఆ సెగకు రక్తనాళాలు దెబ్బతిని, వాటి గోడల్లో కొవ్వు పేరుకుంటుందంట. మామూలోళ్ల కన్నా మా మాదిరోళ్లకు గుండెజబ్బు ముందే వస్తుందంట."

"మాత్ర ఏసుకుంటివా?"

"ఎందుకు గురువమ్మా? పాత మాత్రలు ఒక్క పూట తప్పకుండా మింగినా. దాన్ని గెలిచినా! కనపడకుండా పోయినదానికి మళ్లీ ఇంకో మాత్ర ఎందుకు? మీరే చెప్పండి."

హనుమక్క తాళాలు కొంగుతో తుడుచుకుని లేచింది. "అందరినీ పిలుచుకొని రాపో. ఉరుకుల కోపు ఆడదాం."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు సుంకమ్మ ఊళ్లోకి ఉరికింది. కాసేపటికి కల్లం నిండింది. కొంగులు బిగించారు. హనుమక్క మధ్యలో నిలబడి పాట ఎత్తుకుంది, తాళం వేసింది. కోలలు టకటకమన్నాయి.

మొదట మెల్లగా, తర్వాత చురుగ్గా. పాటలో ఒక చరణం ఆమెది, తిరిగి పలికేది వీళ్లది. చూస్తుండగానే కాళ్లు నేల మీద ఆగడం మానేశాయి. దుమ్ము లేచింది. ఎవరో కేక వేశారు. ఎవరో ఈల వేశారు. దారిన పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు. సుంకమ్మ ఒళ్లు తేలిపోతోంది. ఈసారి మనదే, మొదటి బహుమతి మనదే!

రొమ్ము మధ్యలో ఏదో బిగించి పట్టింది. ఎడమ భుజం బరువెక్కింది. ఈ మధ్య ఆడినప్పుడల్లా ఇంతే. కాసేపు ఆగితే అదే సర్దుకునేది. ఇప్పుడు ఆగడమా? పళ్లు బిగబట్టి ఇంకో చుట్టు తిరిగింది. ఇంకోటి.

"ఆపండి!"

హనుమక్క గొంతుకు అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు.

"నేను తాళం ఎప్పుడు ఆపినాను?" అని అడిగింది.

ఎవరికీ అర్థం కాలేదు. చూస్తే ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఉంది. తాళాలు నడుము దగ్గర కొంగులో చెక్కి ఉన్నాయి.

"ఆపినారా?" రామాంజినమ్మ నోరు తెరిచింది. "మాకు ఇనపడతానే ఉండె గదా గురువమ్మా!"

"ఎప్పుడో ఆపినా. పాట కూడా ఇడిచిపెట్టినా. మీ కాళ్లు ఆగలేదు."

ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. ఒకరినొకరు తోసుకున్నారు. సుంకమ్మ ఒక్కతే నవ్వలేదు. తన కాళ్ల వైపు చూసుకుంది. తాళం ఆగినా, నిలబడిన చోటే అవి ఇంకా సన్నగా అదురుతున్నాయి. డాక్టరమ్మ చెప్పిన సెగ గుర్తొచ్చింది. చెయ్యి దానంతట అదే రొమ్ము మీదికి పోయింది.

హనుమక్క దగ్గరికి వచ్చింది.

"గురువమ్మా, ఇక్కడ పట్టేసినట్టుంది." సుంకమ్మ గొంతు చిన్నదైంది. "ఇది ఇయ్యాలది కాదు. డాక్టరమ్మ అడిగితే ఏమీ లేదని చెప్పినా. ఆడొద్దంటుందని."

ఆ తర్వాత అంతా పరుగే. ఎవరో నూట ఎనిమిదికి ఫోన్ చేశారు. ఎవరో నీళ్లు తెచ్చారు. అంబులెన్సులో హనుమక్క ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. దారి పొడవునా సుంకమ్మ ఒకటే అడిగింది: "పోటీలు ఎట్ల?" హనుమక్క చెయ్యి వదలలేదు.

గుండెకు పోయే ఒక రక్తనాళం బాగా పూడుకుపోయిందని పెద్దాసుపత్రిలో తేలింది. స్టెంటు వేశారు. వైరస్‌కు వాడే మందులు అడిగి తెలుసుకుని, వాటితో పొసగే మందులే రాశారు. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ నుంచి డాక్టరమ్మ వచ్చి చూసింది. కొంచెం ఆలస్యమైనా కష్టమయ్యేదని చెప్పింది. సుంకమ్మ తల దించుకుంది. కొలెస్ట్రాల్ మాత్రను తనే అడిగి తీసుకుంది.

పోటీల రోజు ఆమె వార్డులో మంచం మీదే ఉంది. పొద్దు వాలినప్పటి నుంచి ఫోన్ చేతిలోనే ఉంది. మోగీ మోగగానే ఎత్తింది. అటువైపు ఒకటే గోల. ఈలలు, డప్పులు, మైకు.

"సుంకమ్మా! రెండోది మేయ్, రెండో బహుమతి!" రామాంజినమ్మ అరుస్తోంది. "నీ చోటు ఎవరికీ ఇయ్యలేదు. ఖాళీగా ఇడిచి ఆడినాం. నా కోల గాలినే కొట్టింది. జనం లేసి నిలబడి చప్పట్లు కొట్టినారు!"

సుంకమ్మ చటుక్కున లేచి కూర్చుంది. పక్క మంచాలవాళ్లు చూస్తున్నా పట్టించుకోలేదు. కళ్లలో నీళ్లు, నోటి నిండా నవ్వు.

"గురువమ్మకియ్యి! గురువమ్మకియ్యి ఫోను!"

ఫోన్ చేతులు మారింది. ఆ గోలలో హనుమక్క గొంతు దగ్గరగా వినపడింది. "ఏమ్మే?"

"నేనక్కడ ఉండింటే మొదటిది మనదే గదా గురువమ్మా!"



"వచ్చే ఏటికి ఉండు మరి" అంది హనుమక్క.