ఇప్పపూలు తప్ప ఏమీ తినని పొగడ

సింగరికోన అడవిలో జింకలు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు ఉండేవి. కోన మధ్యలో ఒక మడుగు ఉండేది. ఎండలు ముదిరేసరికి ఆ మడుగు ఎండిపోయేది. అప్పుడు జింకల మంద కొండ ఎక్కి దిగి అవతలి ఏటి ఒడ్డుకు వలస పోయేది. వానలు పడ్డాక తిరిగి వచ్చేది.

ఆ మందలో తంగేడి అనే ఆడజింక ఉండేది. దానికి ఒక్కతే కూతురు. పేరు పొగడ. ఎనిమిది నెలల పిల్ల.

పొగడ చలాకీ పిల్లే. కానీ తిండి దగ్గర మాత్రం మహా పేచీ. పాలు మానేసిన నాటి నుంచి అది ఇష్టంగా తిన్నవి ఇప్పపూలు మాత్రమే. తెల్లవారేసరికి చెట్ల కింద రాలి ఉండే ఆ పూలు మెత్తగా, తీయగా ఉండేవి. గడ్డి చూపిస్తే "గుచ్చుకుంటోంది" అనేది. నేరేడు చిగురు చూపిస్తే "వగరు" అనేది. వెదురాకు పెడితే వాసన చూసి మొహం తిప్పుకునేది.

"పోనీలే, పూలైనా తింటోంది" అనుకుంది తంగేడి.

కానీ ఇప్పపూలు ఏడాది పొడవునా రాలవు కదా! ఎండలు పెరిగేకొద్దీ పూలు తగ్గిపోయాయి. పొగడ చిక్కిపోయింది. పక్కటెముకలు బయటపడ్డాయి. ఒంటి మీది తెల్లచుక్కలు మాసిపోయినట్టు కనిపించాయి. తోటి పిల్లలతో పరుగు మొదలుపెట్టి సగంలోనే కూర్చుండిపోయేది.

ఒకరోజు మంద పెద్ద అయిన రాయుడు అందరినీ పిలిచాడు.

"మడుగులో నీళ్లు ఇంకో ఇరవై రోజులకు సరిపోతాయి. ఆ తర్వాత బయలుదేరాలి. కొండదారిలో రేచుకుక్కలు గుంపుగా వేటకు తిరుగుతున్నాయి. ఎవరి కోసమూ మంద ఆగదు. మీ పిల్లలను గట్టిపరచుకోండి" అన్నాడు.

చివరి మాట అంటూ రాయుడు పొగడ వైపు చూశాడు.

పక్కనే మేస్తున్న మల్లి అనే జింక దగ్గరకొచ్చింది. "వదినా, నువ్వు మరీ మెత్తన. నోరు తెరిపించి నాలుగు పరకలు కుక్కు. అదే మింగుతుంది" అంది.

తంగేడి అలాగే చేసింది. పొగడ గడ్డి మింగలేదు. పొద్దున తిన్న నాలుగు పూలు కూడా కక్కేసింది.

చెట్టు మీది కొండముచ్చు ఇదంతా చూసి, "అయ్యో, అలా కాదు! ఒక పూట ఏమీ పెట్టకు. ఆకలేస్తే అదే దారికొస్తుంది" అని అరిచింది.

తంగేడి ఆ మాటా విన్నది. పొగడను పూల దగ్గరకు వెళ్లనివ్వలేదు. సాయంత్రానికి పిల్ల కాళ్లు వణికాయి. గడ్డిని మాత్రం ముట్టలేదు. తంగేడే భయపడి, ఏడుస్తూ పూలు వెతికి తెచ్చింది.

ఒకరు కుక్కమన్నారు. ఒకరు మాడ్చమన్నారు. రెండూ చేసింది. రెండూ తప్పయ్యాయి. ఇప్పుడు ఎవరి మాట వినాలి?

ఆ అడవిలో గుండప్ప అనే ఎలుగుబంటి ఉండేవాడు. తానే పెద్ద వైద్యుడినని చెప్పుకునేవాడు. ఒక నల్లరాతి మీద కూర్చుని వచ్చేపోయేవారికి సలహాలిచ్చేవాడు. తంగేడి పొగడను వెంటబెట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లింది.

గుండప్ప పిల్లను ఎగాదిగా చూశాడు.

"దీనికి రోగమేమీ లేదు. మీ తిండిలోనే సారం లేదు. ఆకులూ అలములూ తిని ఎవరికి బలం వచ్చింది? నన్ను చూడు! చెదపురుగులు, తేనె. ఈ రెండు తప్ప మూడోది నోట పెట్టను. పండ్లంటావా, అవి కోతుల తిండి" అన్నాడు.

"కానీ గుండప్పన్నా, మేం పురుగులు తినం కదా!"

"అందుకే నీ పిల్ల ఇలా ఉంది" అన్నాడు గుండప్ప, పక్కకు తిరిగి.

ఆ మాట తంగేడి మనసులో ముల్లులా దిగింది. మా అమ్మ గడ్డే తిన్నది, నేనూ గడ్డే తిన్నాను, మరి మేం బలంగానే ఉన్నాం కదా అనుకుంది. అంతలోనే, ఏమో, ఆయన అంత ధీమాగా చెప్పాడంటే నిజమేనేమో అనుకుంది. చివరికి పిల్లను చెదల పుట్ట దగ్గరకు తీసుకెళ్లింది.

"వద్దమ్మా" అంది పొగడ.

"ఒక్కసారి, నా తల్లీ" అంటూ తంగేడి దాని మూతిని పుట్ట కన్నంలోకి నెట్టింది.

చెదపురుగులు మూతికి పట్టుకుని కొరికేశాయి. పొగడ కేకపెట్టి పారిపోయింది. మూతి వాచిపోయింది. రెండు రోజులు నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. అంతకంటే పెద్ద దెబ్బ మరొకటి తగిలింది. తల్లి నోట ఏదైనా కరుచుకుని వస్తుంటే చాలు, పిల్ల పొదల్లో దాక్కునేది.

తంగేడి మడుగు ఒడ్డున ఎండలో అలాగే నిలబడిపోయింది. నీళ్లు తాగడానికి వచ్చిందో, ఏడవడానికి వచ్చిందో దానికే తెలియలేదు.

అప్పుడు కాటమ్మవ్వ వచ్చింది. అది ముసలి అడవిదున్న. ఆ అడవిలో అంత పెద్ద ఒళ్లు మరెవరికీ లేదు. ఎక్కువ మాట్లాడేది కాదు.

"అవ్వా, ఆకులు తినే మాకు బలం రాదా?" అని తంగేడి అడిగేసింది.

కాటమ్మవ్వ నీళ్లు తాగి తల ఎత్తింది. "నన్ను చూస్తే నీకేమనిపిస్తోంది?"

తంగేడి ఆ కొండంత ఒంటిని చూసింది.

"పుట్టాక పురుగు ముట్టలేదమ్మా నేను. గడ్డి, వెదురు, చిగుళ్లు, రాలిన కాయలు, ఒక్కోసారి బెరడు. అయితే ఏ ఒక్కదానితోనో ఈ ఒళ్లు రాలేదు. పది రకాలు తింటే వచ్చింది."

"మా పిల్ల ఒక్కటే తింటుందే!"

"సరేగానీ, నిన్న నువ్వేం తిన్నావు?"

తంగేడి ఆలోచించింది. గుర్తు రాలేదు. మొన్న ఏం తిన్నదో కూడా గుర్తు రాలేదు.

"పిల్ల తల్లిని చూసి నేర్చుకుంటుంది. నీ నోరేమో పొద్దస్తమానం 'తిను తిను' అంటూ దాని వెంట తిరుగుతోంది. ఆ నోరు నమలడం అది ఎప్పుడు చూసింది?" అంది కాటమ్మవ్వ.

"అయితే నన్నేం చేయమంటావు అవ్వా?"

"పెట్టడం నీ పని. తినడం దాని పని. దాని దగ్గర నిలబడి నువ్వు హాయిగా తిను. తినమని అడగకు."

"తినకపోతే?"

"రేపు మళ్లీ పెట్టు."

"రేపూ తినకపోతే?"

"ఎల్లుండి పెట్టు."

"ఎన్నాళ్లని?"

"అది నాకూ తెలియదు. నేను ఆరుగురిని కన్నాను. ఆరుగురూ ఆరు రకాలుగా సతాయించారు" అని కాటమ్మవ్వ నెమ్మదిగా వెళ్లిపోయింది.

తంగేడికి అయోమయం తగ్గలేదు, పెరిగింది. మంద బయలుదేరడానికి పద్నాలుగు రోజులే ఉన్నాయి. పిల్ల చిక్కిపోతుంటే ఊరికే చూస్తూ ఉండటమా? కానీ ఇన్ని సలహాల్లో పిల్లను ఏడిపించనిది ఇదొక్కటే. అందుకే సరేననుకుంది.

మరునాడు మిగిలిన ఇప్పపూలు కొన్ని ఒకచోట చేర్చింది. వాటి పక్కన రెండు నేరేడు చిగుళ్లు పెట్టింది. తాను కాస్త దూరంగా నిలబడి మేయసాగింది. పొగడ పొదలోంచి తొంగి చూసింది. నెమ్మదిగా వచ్చి పూలు తినేసి, చిగుళ్లు వదిలేసింది. తంగేడి ఏమీ అనలేదు.

రెండో రోజూ అంతే. మూడో రోజు ఒక చిగురు కొరికి ఉమ్మేసింది. అయిదో రోజు చిగుళ్ల వైపే చూడలేదు. "తిను" అనే మాట తంగేడి నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని గడ్డితో కలిపి మింగేసింది.

ఆరో రోజు మల్లి పిల్ల బొట్టు అటుగా వచ్చి, "ఇవి ఎవరివి? నేను తిననా?" అని చిగుళ్లు కరకర నమిలేసింది. పొగడ బొట్టు నోటి వైపే చూస్తూ నిలబడింది. మరునాడు తనే ఒక చిగురు అందుకుంది.

"మొదట వగరుగా ఉందమ్మా. తర్వాత కొంచెం తీపి" అంది.

"అవునా?" అంది తంగేడి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

తల్లి కంగారు తగ్గాక మరో సంగతి కంటపడింది. ఎండకు గడ్డి కొనలు సూదుల్లా గట్టిపడేవి. పొగడ లేత మూతికి అవి నిజంగానే గుచ్చుకునేవి. తెల్లవారి మంచుకు తడిసి గడ్డి మెత్తగా ఉన్నప్పుడు తీసుకెళితే, అదే పొగడ గడ్డి తిన్నది. ఇన్నాళ్లూ పిల్ల చెప్పిన మాటను పేచీ అనుకున్నందుకు తంగేడి సిగ్గుపడింది.

ఇలా పద్నాలుగో రోజు వచ్చేసరికి పొగడ తడిగడ్డి, నేరేడు చిగురు, రాలిన తునికి పండ్లు తినసాగింది. వెదురాకు మాత్రం ససేమిరా ముట్టలేదు. ఒళ్లు పూర్తిగా రాలేదు గానీ కాళ్ల వణుకు పోయింది.

మంద బయలుదేరే ముందురోజు కోనలో గుండప్ప కనిపించాడు. ఎండకు పుట్టలు రాయిలా బిగిసిపోయాయి. చెదపురుగులు లోతుకు దిగిపోయాయి. తేనెపట్లు ఎండిపోయాయి. తవ్వి తవ్వి గుండప్ప గోళ్లు విరిగిపోయాయి. మూడు రోజులుగా పస్తులతో తునికిచెట్టు కింద పడి ఉన్నాడు. చుట్టూ పసుపుపచ్చని పండ్లు రాలి ఉన్నాయి. కానీ పండ్లు కోతుల తిండని అందరితో చెప్పాడాయె! ఎలా తింటాడు? చెట్టు మీద కొండముచ్చులు చూస్తున్నాయాయె!

తంగేడికి జాలి వేసింది. ఏమీ అనకుండా నాలుగు పండ్లు మూతితో అతని ముందుకు దొర్లించింది. పక్కకు తిరిగి తానూ ఒక పండు తినసాగింది. కాసేపటికి వెనక నుంచి నమిలే చప్పుడు వినిపించింది. కొండముచ్చులు పగలబడి నవ్వాయి. గుండప్ప బతికాడు గానీ విరిగిన గోళ్లతో వానాకాలమంతా కుంటుతూనే తిరిగాడు. ఆ తర్వాత సలహా కోసం ఎవరూ అతని దగ్గరకు వెళ్లలేదు.

మరునాడు మంద కొండ ఎక్కింది. పొగడ సగం దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత వెనకబడింది. రాయుడు ఆగలేదు. మంద మలుపు తిరిగి కనుమరుగైంది. దూరంగా రేచుకుక్కల ఊళ వినిపించింది. తంగేడి పిల్ల దగ్గరే నిలబడిపోయింది.

అక్కడ గడ్డి లేదు. చిగుళ్లు లేవు. ఒక రేలచెట్టు మాత్రం ఉంది. కింద పసుపుపచ్చని పూలు రాలి ఉన్నాయి. పొగడ వాటిని ఎన్నడూ చూడలేదు. మంద అంతకంతకూ దూరమవుతోంది. అయినా పిల్లను నెట్టలేదు, బతిమాలలేదు. తల వంచి ఆ పూలు తినసాగింది.

పొగడ వాసన చూసింది. ఒక పూవు నోట పెట్టుకుంది.

"చేదమ్మా" అంది.

ఇంకొకటి తీసుకుంది.

"చేదన్నావుగా?" అంది తంగేడి, ఉండబట్టలేక.

"చేదే. అయినా చూస్తున్నా" అంది పొగడ, నములుతూ.

అలా చూస్తూ చూస్తూ చాలా పూలే తిన్నది. కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్లీ నడక సాగించింది. తల్లీ పిల్లా మలుపు దాటారు, కొండ దాటారు. రేచుకుక్కల ఊళ వెనకే ఉండిపోయింది. పొద్దు వాలకముందే ఏటి ఒడ్డున మందను కలుసుకున్నారు.

మల్లి పరుగెత్తుకొచ్చింది. "వదినా, ఇంతకీ ఏ మందు పనిచేసింది?"

తంగేడి ఆలోచనలో పడింది. అవ్వ మాటా? బొట్టును చూసి నేర్చుకోవడమా? తెల్లవారి మంచా?

"నిజంగా తెలియదు మల్లీ" అంది. "నేను తినమనడం మానేశాను. తినడం మొదలుపెట్టాను. అంతవరకే తెలుసు."

నీతి: పిల్లలకు తిండి మీద ఇష్టం బలవంతంతో రాదు. రకరకాలుగా పెట్టి, వాళ్లతో కలిసి తిని, ఓపిక పడితే వస్తుంది.