భుజం బియ్యం

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా నాలుక మీద వేపచెట్టు మొలుస్తుంది, విను.

పూర్వం ఒక రాజ్యంలో పల్లకీ మోసే బోయీలకు భుజం బియ్యమని ఉండేది. భుజం వాలిపోయి పని మానేసినవాడికి బతికినన్నాళ్ళూ కోట నుంచి బియ్యం ఇచ్చేవారు. కొత్త దివాను వచ్చి, "మోయనివాడికి మెతుకులెందుకు?" అని ఆపేశాడు. ఆ రోజు పెద్దబోయీ పైడన్న ముసలి తండ్రికి గంజి కూడా కరువైంది.

మర్నాడు దివాను కొండ మీద రాజుగారి కొలువుకి పల్లకీలో బయల్దేరాడు. ఆయన ఎక్కితే కొండే ఒకపక్కకి ఒరిగేది, అంత మనిషి! బోయీలు ఎంత మెల్లగా నడిచారంటే, దారిలో చీమలు వాళ్ళని దాటిపోయాయి.

"కొలువు వేళ మించిపోతోందిరా! కాళ్ళు పడిపోయాయా?"

"పడిపోకుండా చూసుకుంటున్నాం దొరా," అన్నాడు పైడన్న. "నిన్నటిదాకా ఈ మోకాళ్ళు అరిగితే కోట చూసుకునేది, అందుకే పరిగెత్తేవాళ్ళం. ఇక ముసలితనానికి మేమే దాచుకోవాలి కదా. కుర్రబోయీలైతే రేపే పల్లకీ వదిలేసి చేపలవేటకి పోతారట. తమరు దిగి నడిస్తే ముందే చేరతారు."

దివాను కొండవైపు చూశాడు, తన బొజ్జవైపు చూశాడు.

"మీ బియ్యం మీకేరా, పదండి!"

"రాజుగారి ఎదుట కూడా అంటారా దొరా?"

"అంటానురా బాబూ!"

అప్పుడు పల్లకీ ఎంత జోరుగా లేచిందంటే, దివాను తలపాగా మర్నాటికి గానీ కొండెక్కలేదు.

సరే, నా మోకాళ్ళు కూడా నేను దాచుకోవాలి. నువ్వెళ్ళి కొట్టులో తమలపాకులు పట్టుకురా.