కొప్పు బాతులు దాచిన గుడ్లు

అనగనగా ఒక అడవిలో, నడి ఎండల్లో కూడా ఎండిపోని ఒక మడుగు ఉండేది. ఆ మడుగు నిండా బాతులే. అవి మామూలు బాతులు కావు, తల మీద కొప్పు ఉన్న బాతులు. ఈకలన్నీ గుండ్రంగా లేచి, పూలచెండు పెట్టుకున్నట్టు ఉండేది ఆ కొప్పు. దాన్ని చూసుకుని వాటికి ఎంత మిడిసిపాటో! నాలుగడుగులు వెయ్యాలన్నా తల ఊపుకుంటూ నడిచేవి. ఏం, నవ్వుతున్నారేం? కొత్త రిబ్బను కట్టుకున్న రోజు మీరెలా నడుస్తారో నేను చూడలేదనుకున్నారా?

ఆ మడుగులో కొప్పు లేని బాతులూ ఉండేవి. కొప్పున్న తల్లిదండ్రులకే అప్పుడప్పుడు నున్నతల పిల్ల పుట్టేది. అలాంటి వాటికి మడుగు నడుమ చోటు లేదు. ఒడ్డున, తుంగ మొదళ్ళలో, బురదలో బతకాలి. కొప్పున్న బాతు కొప్పున్న బాతునే పెళ్ళాడాలి. ఇది అక్కడి కట్టుబాటు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తెలియని కట్టుబాట్లకే పట్టుదల ఎక్కువ.

అక్కడ ఒక తల్లి బాతుకు ఇద్దరు కూతుళ్ళు పుట్టారు. పెద్దదానికి కొప్పు లేదు. అందరూ దాన్ని నున్నక్క అనేవారు. చిన్నదాని పేరు కలికి. మడుగు మొత్తం మీద అంత అందమైన కొప్పు ఇంకెవరికీ లేదు.

నున్నక్కకు చెల్లెలంటే అసూయ. మామూలు అసూయ కాదు. చెల్లెలు నవ్వితే దానికి కడుపు మండేది. చెల్లెలి కొప్పు మీద వానచినుకు నిలిచి మెరిస్తే, ఆ చినుకు మీద కూడా కోపం వచ్చేది. ఒకసారి ఎవరూ చూడకుండా కాస్త నాచు తీసి తల మీద పెట్టుకుని నీళ్ళలో చూసుకుంది. నాచు జారి కళ్ళ మీద పడింది. పక్కనున్న కప్ప కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకూ చెల్లెలే కారణమనుకుంది నున్నక్క.

"అమ్మా, చెల్లికి ఇచ్చింది నాకెందుకు ఇవ్వలేదు?" అని ఒకరోజు తల్లిని అడిగింది.

"ఏం చెప్పమంటావే? నేను ఎంచి ఇచ్చానా?" అని తల్లి మొహం తిప్పుకుంది. కొన్నాళ్ళకు ఆ తల్లి పోయింది. ప్రశ్న మాత్రం నున్నక్క గొంతులో ముల్లులా ఉండిపోయింది.

కలికికి పచ్చమెడ అనే కొప్పున్న మగబాతుతో పెళ్ళయింది. గూట్లో గుడ్లు పెట్టింది. పొదిగింది. చాలా గుడ్లు పిల్లలయ్యాయి. కొన్ని మాత్రం కదలకుండా అలాగే ఉండిపోయాయి. కలికి ఏడుస్తూ వాటిని మడుగు పెద్ద తురాయమ్మకు చూపించింది.

తురాయమ్మ ముసలి బాతు. దాని కొప్పు తెల్లబడినా బింకం తగ్గలేదు.

"పొదగడం చేతకాని తల్లి గుడ్లే ఇలా మిగులుతాయి. మా ఎవరి గూట్లోనైనా ఒక్కటి మిగిలిందా? నువ్వే చూశావుగా! ఇలా మూడుసార్లు జరిగితే కట్టుబాటు ప్రకారం నువ్వు పిల్లల్ని ఇక్కడే వదిలేసి, కొండ అవతలి గుంటలకు పోవాలి" అంది.

కొండ అవతల నీళ్ళు తక్కువ, నక్కలు ఎక్కువ. అక్కడికి పోయిన బాతు తిరిగొచ్చిందని ఎవరూ వినలేదు.

"అయ్యో, ఎంత పని జరిగిందే!" అని నున్నక్క చెల్లెలి మెడ నిమిరింది. లోపల మాత్రం బాగా అయిందనుకుంది. ఆ రోజు దానికి నత్తలు కూడా ఎంతో రుచిగా అనిపించాయి.

రెండోసారీ అంతే. కొన్ని పిల్లలయ్యాయి, కొన్ని కాలేదు. ఈసారి నున్నక్క ఊరుకోలేదు. తానే తురాయమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అవ్వా, చెప్పకూడదనుకున్నాను గానీ చెప్తున్నా. కలికి గూట్లో కూర్చోదు. నీళ్ళ అంచుకు పోయి తన కొప్పు తనే చూసుకుంటూ ఉంటుంది. గుడ్లు చల్లబడిపోతాయి. నా కళ్ళతో చూశాను."

అది పచ్చి అబద్ధం. కలికి తిండి కూడా మానేసి గుడ్ల మీద కూర్చుంది. అయినా ఆ మాట మడుగంతా ఇట్టే పాకింది. అంత అందమైన కొప్పున్నదాన్ని గురించి అలాంటి మాట వినాలని అందరికీ మనసులో ఉంది మరి. అసూయ నున్నక్క ఒక్కదానికే ఉందనుకున్నారా?

మూడోసారి కలికి గుడ్లు పెట్టగానే తురాయమ్మ అందరినీ పిలిచింది.

"ఈసారి ఈ గుడ్లు కలికి పొదగదు. నున్నక్క పొదుగుతుంది. అన్నీ పిల్లలైతే, తప్పు కలికిదే అని తేలిపోతుంది. కలికి కొండ దాటి పోవాలి. పిల్లలు నున్నక్కవి" అంది.

నున్నక్క గుండె ఆనందంతో గంతులేసింది. చెల్లెలు పోతుంది. చెల్లెలి కొప్పు పిల్లలు తనను అమ్మా అని పిలుస్తాయి. మడుగు నడుమ తనకూ చోటు దొరుకుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

కలికి మాత్రం అక్క ముందుకు వచ్చి తల దించుకుంది.

"నువ్వు పొదుగుతున్నావంటే నాకు ధైర్యంగా ఉందక్కా. నాకేదో చేతకావడం లేదు. నా పిల్లలు బతికితే చాలు" అంది.

నున్నక్క చెల్లెలి మొహం చూడలేక గూడు సర్దుకుంటున్నట్టు నటించింది.

అబద్ధమాడింది గానీ, పొదగడంలో నున్నక్క ఏ లోటూ చెయ్యలేదు. పొదిగి గెలవాలి కదా! తన రొమ్ము ఈకలు పీకి గుడ్ల చుట్టూ పరిచింది. వాన వస్తే రెక్కలు విప్పి కప్పింది. రోజూ ఒక్కో గుడ్డునూ ముక్కుతో మెల్లగా తిప్పింది. కలికి రోజూ దూరంగా నిలబడి, అక్క కోసం తెచ్చిన నత్తలను గట్టు మీద పెట్టి వెళ్ళిపోయేది. అన్నీ ఉన్నది చాలక మంచితనం కూడా చూపిస్తోందని నున్నక్క పళ్ళు నూరేది. బాతుకు పళ్ళెక్కడివని అడక్కండి. అసూయ పడినవాళ్ళకు అన్నీ మొలుస్తాయి.

కొన్నాళ్ళకు గుడ్ల లోపల టకటకమని చప్పుడు వినిపించింది. నున్నక్క తల వంచి చెవి ఆనించింది. లోపల ఎవరో తలుపు తడుతున్నట్టుంది. తెలియకుండానే "వస్తున్నావా నాన్నా?" అంది. ఒక్కొక్క పెంకే పగిలింది. తడి ముద్దల్లాంటి పిల్లలు బయటికి వచ్చి దాని రెక్క కిందికి దూరాయి. కొన్నింటికి బుల్లి కొప్పులు, కొన్నింటికి నున్నతలలు. ఏ పిల్ల ఏదో కూడా చూడలేదు నున్నక్క. అన్నింటినీ కప్పుకుంది.

కానీ రెండు గుడ్లు పలకలేదు.

నున్నక్క వాటి మీద మరికాసేపు కూర్చుంది. ఆ పూటంతా కూర్చుంది. మర్నాడు కూడా కూర్చుంది. అవి కదలలేదు. తానెక్కడ తప్పు చేసిందో ఎంత ఆలోచించినా దొరకలేదు. తాను ఇంత చేసినా పిల్లలు కాలేదంటే, కలికి పొదిగినప్పుడూ తప్పు కలికిది కాదన్నమాట.

అప్పుడే తుంగలోంచి ఒక ఉడుము తల బయటపెట్టింది. గుడ్లు మింగే ఉడుమును చూసి నున్నక్క రెక్కలు విదిల్చి బుసకొట్టింది.

"అరవకు అమ్మాయ్! బతికినవాటి జోలికి రాను. ఆ రెండూ ఇలా దొర్లించు. గుటుక్కున మింగేస్తాను. అన్నీ పిల్లలయ్యాయని చెప్పుకో. ఈ మడుగులో అందరూ చేసే పనేగా ఇది" అంది ఉడుము.

"అందరూ ఏమిటి?"

"కొప్పున్న తల్లులందరూ. కొప్పున్నవాళ్ళిద్దరు కాపురం చేసిన ప్రతి గూట్లోనూ ఇలాంటివి మిగులుతాయి. పరువు పోతుందని గప్‌చిప్‌గా నాకు దొర్లిస్తారు. మీ తురాయమ్మవి తిన్నాను. మీ అమ్మవీ తిన్నాను. పెంకు పగిలితే లోపల ఎప్పుడూ ఒకటే, తల ఎముక మూసుకోని పిల్ల. ఒడ్డున నున్నతలల గూళ్ళ దగ్గర కాపు కాస్తే నాకు ఇలాంటిది ఒక్కటీ దొరకదు. అంతెందుకు, కట్టుబాటు దాటి నున్నతలవాణ్ణి చేసుకున్న కొప్పు బాతు ఒకతి ఆ బురదలో ఉంది చూడు, దాని గూట్లోనూ దొరకదు. మీ చెల్లెలే పిచ్చిది. ఏడుస్తూ తీసుకెళ్ళి అందరికీ చూపించింది."

నున్నక్క ఆ రెండు గుడ్ల వైపు చూసింది. గుడ్లను ముక్కుతో తోస్తే చాలు. చెల్లెలు కొండ దాటిపోతుంది. ఈ పిల్లలు తనవవుతాయి. ఒక గుడ్డును నెమ్మదిగా గూటి అంచు దాకా తోసింది కూడా. ఉడుము నోరు తెరిచింది. రెక్క కింద ఒక పిల్ల నిద్రలో కిచకిచమంది. కలికి గొంతు అచ్చం అలాగే ఉంటుంది. నున్నక్క గుడ్డును మళ్ళీ లోపలికి లాక్కుంది.

"పో ఇక్కణ్ణుంచి!" అంది ఉడుముతో.

తెల్లవారగానే బాతులన్నీ చేరాయి. కలికి ఓ పక్కన నిలబడింది. నున్నక్క ఆ రెండు గుడ్లనూ ముక్కుతో దొర్లించుకుంటూ అందరి ముందుకూ తెచ్చింది.

"నేనూ పొదిగాను. ఒక్క పూట కూడా లేవలేదు. అయినా ఇవి పిల్లలు కాలేదు. కలికి తప్పేమీ లేదు. అది గూడు వదిలి పోయేదని నేను చెప్పింది అబద్ధం. దాని కొప్పు చూసి ఓర్వలేక చెప్పాను" అంది.

మడుగంతా గగ్గోలయింది. తురాయమ్మ కళ్ళెర్రజేసింది.

"అబద్ధాలకోరు! నీకూ పొదగడం రాదని ఒప్పుకో! ఈ మడుగులో ఏ తల్లికీ రాని కష్టం మీ ఇద్దరికేనా వచ్చింది?"

"ఏ తల్లికీ రాలేదా అవ్వా? ఉడుమును పిలవమంటావా?" అంది నున్నక్క.

ఉడుము పేరు వినగానే కుర్ర బాతులన్నీ నీళ్ళలోకి దూకాయి. తల్లులు మాత్రం కదలలేదు. తురాయమ్మ తెల్లకొప్పు కిందికి వాలింది.

"నావి ప్రతిసారీ కొన్ని పోయేవి. చీకటి పడకముందే దొర్లించేసేదాన్ని. పక్కింటివాళ్ళకు తెలిస్తే నా పిల్లలకు పెళ్ళిళ్ళు కావని భయం" అంది మెల్లగా.

"నావీ పోయాయి" అంది ఇంకో తల్లి.

"నావి కూడా" అంది మరొకటి. ఆ తర్వాత ఎవరు చెప్పారో, ఎవరు చెప్పలేదో తెలియలేదు. తల్లులందరూ ఒకేసారి ఏడ్చారు. ఎన్నాళ్ళ ఏడుపో అది!

ఆ బాతులకు అప్పటికి తెలియని సంగతి ఒకటుంది. మీకు మాత్రం చెప్తాను. ఏ బిడ్డకైనా ఒంట్లో ప్రతిదానికీ అమ్మ నుంచి ఒక వంతు, నాన్న నుంచి ఒక వంతు అందుతాయి. ఈకల రంగూ, కంటి చూపూ, ఎముకలు పెరిగే తీరూ ఆ వంతుల్ని బట్టే ఉంటాయి. పెద్ద క్లాసుల్లో వీటినే జన్యువులంటారు. ఏది ఇవ్వాలో అమ్మానాన్నలు ఎంచుకోలేరు. కళ్ళు మూసుకుని సంచిలోంచి గోలీ తీసినట్టే.

ఆ మడుగులో కొప్పు వంతు ఒకటి, నున్న వంతు ఒకటి అందిన పిల్లకు కొప్పు వచ్చేది. రెండూ నున్న వంతులే అందితే నున్నతల వచ్చేది. మరి రెండూ కొప్పు వంతులే అందితే? రెండింతల కొప్పు వస్తుందనుకున్నారు కదూ? రాదు. తల ఎముక మూసుకోక, పిల్ల గుడ్డులోనే చచ్చిపోయేది. అంటే, పెంకు పగలగొట్టుకుని బయటపడిన ప్రతి కొప్పు బాతులోనూ ఒక నున్న వంతు దాగి ఉంది. అది ఉండబట్టే బతికింది. అంత మిడిసిపడిన తురాయమ్మా అంతే.

నున్నతల తోడున్న గూట్లో ఇలాంటి గుడ్డు ఒక్కటీ మిగలదని ఉడుము చెప్పిన మాట నున్నక్క బాతులన్నిటికీ చెప్పింది. ఆ రోజే కట్టుబాటు తీసేశారు. కొప్పున్నవాళ్ళు ఒడ్డునున్నవాళ్ళను చేసుకోవచ్చన్నారు. నున్నతలలను మడుగు నడుమకు రమ్మన్నారు. కలికిని ఎక్కడికీ పొమ్మనలేదు.

కలికి అక్క దగ్గరికి వచ్చింది. సంతోషంగా రాలేదు.

"నేను కొప్పు చూసుకుంటూ కూర్చున్నానని చెప్పింది నువ్వా అక్కా?" అని అడిగింది.

"నేనే" అంది నున్నక్క.

"నీకోసం రోజూ నత్తలు తెచ్చాను."

కలికి పిల్లల వైపు తిరిగి, "రండి నాన్నా, మీ అమ్మను నేను" అని పిలిచింది.

ఒక్క పిల్ల కూడా కదలలేదు. బాతుపిల్లలు కళ్ళు తెరవగానే ఎవరిని చూస్తే వాళ్ళనే అమ్మ అనుకుంటాయి. అన్నీ పరుగెత్తుకెళ్ళి నున్నక్క పొట్ట కింద దూరాయి. కలికి మళ్ళీ పిలిచింది. ఇంకా గట్టిగా నున్నక్కను అతుక్కున్నాయి.

నున్నక్క తలెత్తి చెల్లెలి కళ్ళలోకి చూసింది. ఆ చూపు దానికి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ నీళ్ళలో చూసుకున్నప్పుడల్లా తనకు కనిపించిన చూపే అది. అసూయ ఎంత నొప్పి పెడుతుందో మొదటిసారి ఇంకొకరి మొహంలో చూసింది. చెల్లెలికి దాన్ని అంటించింది తానే.

నున్నక్క లేచి నీళ్ళలోకి దిగింది. పిల్లలన్నీ బుడుంగుబుడుంగుమంటూ దాని వెనకే దూకాయి.

"నువ్వు ముందు వెళ్ళు కలికీ. నేను నీ వెనకే వస్తాను. నన్ను చూసి వస్తూ వస్తూ, నిన్ను చూడటం నేర్చుకుంటాయి" అంది.

కలికి నీళ్ళలోకి దిగి ముందుకు సాగింది. దాని కొప్పు ఎండలో మెరుస్తోంది. నున్నక్కకు లోపల మళ్ళీ చురుక్కుమంది. అదేమన్నా ఒక్కరోజులో పోతుందా? అయినా చెల్లెలి వెనకే ఈదింది.

కొంత దూరం పోయాక కలికి వెనక్కి తిరగకుండానే అంది: "అక్కా, కొంచెం పక్కకు జరుగు. పిల్లలకు నేను కనబడటం లేదు."

నున్నక్క పక్కకు జరిగింది.

నీతి: పుట్టుకతో వచ్చిన అందం మన గొప్ప కాదు, పుట్టుకతో వచ్చిన జబ్బు మన తప్పు కాదు, ఒకదాన్ని చూసి ఓర్వలేకపోవడం, ఇంకొకదాన్ని దాచిపెట్టి వేరొకరి మీద నెట్టడం మాత్రం మన తప్పులే.