ముఖం చూడని ఇల్లు

1998 ఏప్రిల్ 12, ఆదివారం. తెల్లవారేసరికే గాలి వేడెక్కింది. ఎడారి వైపు నుంచి లేచిన ఎర్రదుమ్ము కమ్ముకొని నది అవతలి ఒడ్డు కనిపించలేదు. మధ్యాహ్నం మామిడి పిందెలు రాల్చే చిన్న జల్లు ఒకటి పడి, దుమ్మును కాస్త అణచి వెళ్ళిపోయింది. ఆఫ్రికా ఖండపు పడమటి భాగంలో, మాలి దేశంలో, నైజర్ నది ఒడ్డున ఉన్న సిరామానా గ్రామంలో ఆ రోజు ముఖం చూడని ఇంటికి కొత్త కప్పు వేశారు. ఏడేళ్ళకోసారి జరిగే ఈ ఉత్సవానికి చుట్టుపక్కల ఊళ్ళ జనం పడవల మీద, బస్సుల మీద తరలి వస్తారు.

ఇల్లు గుండ్రంగా ఉంటుంది. మట్టి గోడ, రెల్లు కప్పు. లోపల విగ్రహం లేదు, దీపం లేదు. తోలు పరిచిన పీట ఒకటి ఉంది. తూర్పు గోడలో, కూర్చున్న మనిషి చెవి ఎత్తున, పిడికిలి పట్టేంత రంధ్రం ఉంది. కొత్తగా వచ్చిన యాత్రికులు ఇక్కడ పూజ ఎవరికని అడుగుతారు. పూజ నోటి మాటకే. ఎవరి తాత ఎక్కడి నుంచి వచ్చాడు, ఏ రాజు ఎవరిని గెలిచాడు, ఏ యుద్ధంలో ఎవరు పారిపోయారు అన్నదంతా ఆ దేశంలో జెలీలు అనే కథకుల నాలుక మీద ఉంటుంది. మన వైపు వంశాలు పొగుడుతూ వాకిట్లోకి వచ్చేవాళ్ళకు చేటెడు బియ్యం పోసి, వాళ్ళు చెప్పింది వినకుండానే లోపలికి పోతాం. అక్కడ జెలీ చెప్పిన మాట మీద పొలాలు చేతులు మారతాయి, కుదిరిన పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. అందుకే అతన్ని గౌరవిస్తారు. అందుకే అనుమానిస్తారు కూడా.

ఉత్సవం నాడు ఒక జెలీ లోపల కూర్చుని ఊరి కథ చెబుతాడు. ఇంకొక జెలీ బయట, రంధ్రం పక్కన కూర్చుని ప్రతి వాక్యానికీ ‘నామూ’ అంటాడు. నిజమే, అలాగే జరిగింది అని దాని అర్థం. మన కథలకు ఊ కొట్టడం లాంటిదే గానీ, మన ఊ నిద్రలో కూడా వస్తుంది. నామూ పడని వాక్యం అక్కడ కథలో నిలవదు. ఆ మధ్య రేడియో వాళ్ళు టేపు రికార్డరు పెడతామంటే, ఆ పెట్టెకు నామూ అనడం రాదు కదా అని ఊరివాళ్ళు వెనక్కి పంపేశారు. మిగతా ఊళ్ళలో ఈ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో గోడ ఉన్నది ఈ ఊళ్ళోనే. ఆ గోడ పుట్టుక ఇది.

పూర్వం ఇక్కడ మాసిరే కొనాతే అనే గ్రామపెద్ద ఉండేవాడు. చెడ్డవాడు కాదు, అనుమానం మనిషి. కూర రుచిగా ఉంటే భార్య ఏదో అడగబోతోందనుకునేవాడు. ఎవరైనా రెండుసార్లు పలకరిస్తే రెండోసారి ఎందుకు పలకరించాడా అని పొద్దుగూకేదాకా ఆలోచించేవాడు. ఒక ఏడు వరదకు నది పక్కకు జరిగి, ఊరి దిగువన నల్లటి లంకనేల తేలింది. వరికి అంతకన్న మంచి నేల ఆ చుట్టుపక్కల లేదు. అక్కడి ఆచారం ప్రకారం, తేలిన నేల ఆ ఊళ్ళో మొదటి పొయ్యి పెట్టి కాపురమున్నవాడి సంతతికి చెందుతుంది. ఆ మొదటి పొయ్యి తన ముత్తాతదేనని మాసిరే నమ్మకం. తన ముగ్గురు కొడుకులకూ ఆ లంకను మనసులోనే పంచేశాడు.

మొదటి పొయ్యి కథను జెలీలు ఊరికే చెప్పరు. నేల తేలినప్పుడే చెబుతారు. అంతకుముందు నేల తేలింది మాసిరే పుట్టకముందు. కనుక ఊరి జెలీ బాకారి సభలో కథ ఎత్తుకున్నప్పుడు అందరూ కొత్తగానే విన్నారు. తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ దెంబా అనే పశువుల కాపరి ఇక్కడికి వచ్చాడట. ఆవు నదిలో నడిచి దాటడం చూసి, ఇక్కడ రేవు ఉందని తెలుసుకుని గుడిసె వేశాడట. మొదటి పొయ్యి దెంబాది, రెండోది కొనాతేలది అన్నాడు బాకారి. దెంబా వంశంలో మిగిలింది ఊరి చివర పాలు అమ్ముకునే ముసలి కుంబ, ఆమె మనుమలు.

మాసిరే లేచి నిలబడ్డాడు.

“బాకారీ, నీ దొడ్లో కట్టేసిన ఎర్రదూడ ఎక్కడిది?”

“కుంబవ్వ ఇచ్చింది పెద్దయ్యా. మా పిల్లకు పేరు పెట్టిన రోజున. మీరూ గొర్రెను ఇచ్చారు కదా.”

“నా గొర్రె నా ముత్తాతను మొదటివాణ్ణి చెయ్యలేదే!”

“ఎలా చేస్తుంది నాయనా, బక్క గొర్రె,” అంది వెనక నుంచి కుంబ.

జనం నవ్వారు. మాసిరే నవ్వలేదు. బయటి ఊరి జెలీ నామూ అంటే తప్ప ఈ కథ చెల్లదన్నాడు. పెద్దలు ఒప్పుకున్నారు.

ఆ తరువాత అతనికి కలలో తండ్రి కనిపించి, “చూడకుండా విను” అని మాయమయ్యాడు. వచ్చింది తండ్రేనా, తండ్రి గొంతు తెచ్చుకున్న మరొకరా అని మాసిరే కొన్నాళ్ళు తర్కించుకున్నాడు. చివరికి కల అర్థమైందనుకున్నాడు. ఎదురెదురుగా కూర్చుంటే జెలీలు కనుబొమలతో మాట్లాడుకుంటారు! వెంటనే కిటికీ లేని గుండ్రటి ఇల్లు కట్టించి, గోడకు ఒక్క రంధ్రం పెట్టించాడు. ముఖం కనబడదు, మాట వినబడుతుంది.

బయట కూర్చోవడానికి నది ఎగువ ఊరి నుంచి ఫొదేను పిలిపించాడు. ఫొదే, బాకారి ఒకే గురువు దగ్గర కథ నేర్చుకున్నారు. గురువు పోతూ తన తంత్రీవాద్యం బాకారికి ఇచ్చాడని ఫొదేకు కడుపుమంట. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మాసిరే ఇవన్నీ విచారించే పిలిచాడు.

ఆ దేశంలో కొన్ని ఇంటిపేర్ల మధ్య తరతరాల వేళాకోళం ఉంటుంది, మన బావామరదుల సరసం లాగా. ఫొదే, మాసిరేల ఇంటిపేర్లు అలాంటివే. ఎంత మాట అన్నా కోపం రాకూడదు. అలసందలు తినేవాడా అనడం అందులో అన్నిటికన్న పెద్ద తిట్టు.

“ఏం అలసందల బావా, ఇంకా బతికే ఉన్నావా?” అంటూ దిగాడు ఫొదే.

“నీ కథలు వినకపోబట్టి బతికాను,” అని మాసిరే అతన్ని గుర్రాలశాలకు తీసుకుపోయాడు. తెల్ల గుర్రం ఒకదాన్ని చూపించాడు. “ఇది నీదే. నిన్నేమీ అబద్ధమాడమనను. కాపరి పేరు వచ్చిన చోట నోరు మూసుకో, చాలు.”

“జెలీ నోరు మూసుకోవడమా? చూడు బావా, నీ గుర్రం కూడా నవ్వుతోంది,” అన్నాడు ఫొదే. అని, పగ్గం అందుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బాకారి లోపల, ఫొదే బయట కూర్చున్నారు. మాసిరే ఫొదే పెదవుల మీద నుంచి చూపు తిప్పలేదు. రాజుల కథ నడిచింది. నామూ. కరువు కథ నడిచింది. నామూ. ఆవు తప్పిపోయింది. ఫొదే కళ్ళు మూతపడ్డాయి, అరచెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది. లోపలి నుంచి గొంతు వచ్చింది. “మొదటి పొయ్యి దెంబాది.”

“నామూ,” అంది ఫొదే నోరు.

ఎవరన్నారా అన్నట్టు ఫొదే కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు. ఎదురుగా బాకారి ముఖం ఉండి ఉంటే పాత కక్ష గుర్తొచ్చి నోరు బిగుసుకునేదే. మట్టిగోడ దాటి వచ్చిన గొంతులో బాకారి లేడు. గురువు చెప్పిన వరుస, గురువు ఆగిన చోట ఆగడం మాత్రమే ఉన్నాయి. ఆ వరుసలో ఆ చోట నామూ అనకపోతే చిన్నప్పుడు వీపు మీద బెత్తం పడేది.

“మీరిద్దరూ ముందే అనుకున్నారు!” అన్నాడు మాసిరే.

ఫొదే పగ్గం తెచ్చి అతని చేతిలో పెట్టాడు. “నీ గుర్రాన్ని కట్టేసుకో బావా. నా నోరే నా మాట వినలేదు. ఇది వింటుందా?”

అది ఎవరి గుర్రమో ఊరందరికీ తెలుసు. ఎందుకు వెళ్ళిందో, ఎందుకు తిరిగొచ్చిందో కూడా అప్పుడు తెలిసింది. ఎవరూ నవ్వలేదు. మాసిరే తాను కట్టించిన గోడ వైపు తిరిగాడు. గొంతు సవరించుకుని తానూ నామూ అన్నాడు. నమ్మి అన్నాడో, జనం చూస్తున్నారని అన్నాడో ఇప్పటికీ తేలలేదు.

నేటికీ పొలం గట్ల దగ్గర తగవు పడ్డ అన్నదమ్ములు, ఒకరి మీద ఒకరు అనుమానం పెంచుకున్న ఆలుమగలు ఇక్కడికి వచ్చి, ఒకరు లోపల, ఒకరు బయట కూర్చుని మాట్లాడుకుంటారు. ముఖం చూడకుండా విన్నవారి మనసులో ముల్లు ఊడిపోతుందని నమ్మకం.

లంకనేల కుంబ మనుమలకు దక్కింది. వారి సంతతి నేటికీ అక్కడ వరి పండిస్తోంది. గ్రామపెద్దరికం కొనాతేలకే నిలిచింది, దానితోపాటు కప్పుకు రెల్లు కోసి మోసే చాకిరీ కూడా. మాసిరే కొడుకులు ముగ్గురికీ లంకలో జానెడు నేల రాలేదు. లోపలి పీట బాకారి వంశానిది, బయటి చోటు ఫొదే వంశానిది. ఉత్సవం ముగిశాక ధాన్యం, బట్టలు, మాంసం ఊరంతటికీ పంచుతారు. ఫొదే వంశం వాడికి మాత్రం ఏమీ ఇవ్వరు, ఇచ్చినా అతను పుచ్చుకోడు. ఆ రోజు అతను తాగే మంచినీళ్ళు కూడా ఎగువ ఊళ్ళోని సొంత ఇంటి నుంచి కుండలో తెచ్చుకుంటాడు.