నేతిగిన్నె ఇటు పెట్టు

ఒకానొక లంకల రాజ్యం ఉండేది. మధ్యాహ్నమైనా మంచు విడవని చోటు. అక్కడ వీధిలో నడుస్తుంటే కలలో నడుస్తున్నట్టే ఉండేదట. సముద్రం అవతలినుంచి వచ్చిన దొర ఆ లంకల్ని ఏలేవాడు. "మీ ఆచారాలు మీకంటే నాకే బాగా తెలుసు" అని మీసం మెలేసేవాడు.

పాలన మాకు వదలండని జనం అడుగుతూ ఉంటే పదేళ్లకొక సంస్కరణ విదిల్చేవాడు. మొదట సభ ఇచ్చాడు, మాట్లాడే హక్కు లేదు. తర్వాత ఆ హక్కూ ఇచ్చాడు, వినే పని మాత్రం పెట్టుకోలేదు. చివరికి సభ్యులు పన్నెండుమందీ కలిసి స్వపరిపాలన శాసనం రాసి తెస్తే, "ఏలుకోవడం ముందు నేర్చుకోండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. తన మాట తప్పని రేపటిలోగా తనచేతే ఒప్పిస్తే సంతకం పెడతాననీ, లేదంటే సభకు తాళం వేయిస్తాననీ పంతం పట్టాడు.

దుబాసీ తిప్పన దొర మాట జనానికీ, జనం మాట దొరకూ చెప్పీ చెప్పీ విసిగిపోయినవాడు. మర్నాడు దొరను భోజనానికి పిలిచాడు.

విస్తరిలో అన్నం, పప్పు, కూరలు అన్నీ వచ్చాయి. ఆవిర్లు మంచులో కలిసిపోతున్నాయి. నెయ్యి పడందే విస్తరిలో చెయ్యి పెట్టకూడదని ఆ లంకల ఆచారం. అది తెలిసిన దొర బుద్ధిగా కూర్చున్నాడు. తిప్పన నేతిగిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"కలుపుకోవడం ముందు నేర్చుకోండి దొరా, అప్పుడు వడ్డిస్తాను."

దొర చాలాసేపు ఓపిక పట్టాడు. అన్నం చల్లారిపోయింది, కడుపు కాలిపోయింది.

"నెయ్యి పడితే కదా చెయ్యి పెట్టేది, చెయ్యి పెడితే కదా నేర్చుకునేది? నా విస్తరి, నా ఆకలి. గిన్నె ఇటు పెట్టు."

తిప్పన గిన్నె పెట్టి, పక్కనే శాసనం పరిచాడు. "మావాళ్లు నలభై పేజీల్లో రాసిందీ ఇదే దొరా."

దొర ముఖం ఎర్రబడింది. ఆపైన పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. సంతకం మీద నేతి మరక పడింది. సంతకం పెట్టిన కలాన్ని తిప్పనకే బహుమానంగా ఇచ్చాడు.

ఆర్నెల్లకు దొర పడవెక్కాడు. సెలవు తీసుకునేటప్పుడు 'వెళ్తాను' అనకూడదని తెలుసు కనుక, "వెళ్ళొస్తాను తిప్పనా" అన్నాడు.

"ఈ ఒక్కసారికి మీకు ఆచారం మాఫీ దొరా. వెళ్తాను అంటే చాలు."

పడవ మంచులో కరిగిపోయింది. దొర నవ్వు మాత్రం ఇంకాసేపు వినబడింది. ఒడ్డున జనం కూడా నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. ఆ నవ్వును తిప్పన ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.